మూడో బెజ్జం

పాతది అరవై వాట్లది.
రేడియో సాయిబు మహబూబు దగ్గర పని నేర్చుకునేటప్పుడు
ఆయన చేతిలోంచి నా చేతికొచ్చింది.
వాల్వు సెట్ల కాలం నాటి వేడి దానిది.
ఇనప రేకుకైనా టంకం అతికించుద్ది,
పెసరబద్దంత చిప్పు కనపడితే మాత్రం
దోసెల పెనం మీద చీమను వదిలినట్టే.

మొన్న చెంచయ్య చెవి మిషను తెచ్చినాడు.
ఇరవై ఏళ్ళు బోరు లారీ మీద నిలబడి
భూమికి బెజ్జాలు వేసి వేసి
తన చెవులు రెండూ పూడ్చుకున్న మనిషి.
వైరు ఊడింది, అంతే. వెంట్రుకంత వైరు.
ముట్టించానో లేదో
రాగి రేకు పొక్కులా లేచి, చుట్టుకొని,
పొగైపోయింది.
నేనేదో అన్నాననీ, తనకే వినపడలేదనీ అనుకొని
"ఏంది కాశింబక్కా, అయిపోయిందా?" అన్నాడు నవ్వుతా.
నేనేమీ అనలేదు.

మర్నాడు ఒంగోలు బస్సెక్కినా.

కర్నూలు రోడ్డు కొట్లో గాజుపెట్టె మీద
చేపలు పరిచినట్టు పరిచినాడు పిలగాడు.
మొప్పలెత్తి చూసినట్టే చూసినా నేనూ.

నూటయాభైది ఒకటి. మూతి మొద్దు, తీగ బిర్రు.
బల్ల మీద పెడితే ఆ తీగే దాన్ని ఈడ్చకపోద్ది,
పలుపు తెంచుకునే దూడలాగా.
అంకెలు మెరిసే పెట్టె ఇంకోటి, ఆరువేల ఎనిమిదొందలు.
"మూడొందల యాభై డిగ్రీలంటే మూడొందల యాభయ్యే మేడం."
నాకు రెండు నెలల కొట్టు బాడుగంటే
రెండు నెలల బాడుగే నాయనా.

మా నాయన దూదేకేవాడు.
తక్కెడ లేకుండా వీశె దూది ఇంతని చేత్తోనే చెప్పేవాడు.
ఆ చెయ్యే నాకూ వచ్చిందనుకొని
ఒక్కొక్కటి పట్టుకొని కళ్ళు మూసుకున్నా.
పొద్దుగూకులూ పట్టుకోవాల్సిన వస్తువు,
కలం కంటే బరువుంటే
సాయంత్రానికి అబద్ధాలు రాసుద్ది.

నడిమిది తీసుకున్నా. పన్నెండొందల యాభై.
మెత్తటి తీగ, పిడి మీద వేడి తిప్పే చక్రం,
మార్చుకునే మూతులు.
సూదిమూతి వద్దన్నా, అందరూ అదే అడుగుతారంట.
సూదిమొన మీద వేడి నిలవదబ్బయ్యా,
చిన్న ఉలిలా చెక్కింది ఇవ్వు,
అంచు ఆనితేనే టంకం కరిగి పాకుద్ది.

రసీదు రాస్తా "ఏ జిల్లా?" అన్నాడు.
కందుకూరు అన్నా.
జిల్లా నువ్వే చూసి రాసుకో,
మాకు చెప్పకుండా మారతా ఉంటాది.

కొట్టుకొచ్చి చూస్తే ప్లగ్గుకు మూడు కాళ్ళు.
గోడకూ మూడు బెజ్జాలే.
రెంటిలో కరెంటు.
మూడోదాంట్లో సెల్లు లైటు వేసి చూస్తే సాలీడు.
వెనక వైరే లేదు.
పదకొండేళ్ళుగా నా ఎదురుగానే
నోరు తెరుచుకొని కూర్చుంది ఖాళీగా.

అయితే నేను చంపిన చిప్పులన్నీ వేడికే చావలేదు.
పోయే దారి లేని కరెంటు
నా మూతి మొనలోంచి చిటుక్కున దిగి
ఎన్నిటి ప్రాణం తీసిందో,
ఎంతమందికి "నాసిరకం మాలు, అంతే" అని
చేతిలో పెట్టి పంపినానో.

చెంచయ్యను పిలిచి గొయ్యి తియ్యమని సైగ చేసినా.
"నీళ్ళకా?" అన్నాడు.
ప్లగ్గు చూపించి, నేల చూపించినా.
కొట్టు వెనక, మురుగు కాలవ పక్కన,
గునపంతో ఎనిమిది అడుగులు.
రాగి కడ్డీ, రెండు బస్తాల బొగ్గు,
చినగంజాం రాళ్ళుప్పు.
కొన్నదానికంటే గొయ్యికి రెండింతలైంది.
చెంచయ్య కూలి తీసుకోలేదు,
చెవి బాగుచెయ్యి చాలన్నాడు.

కొత్త మూతికి తొలి టంకం పూస్తే గుగ్గిలం పొగ.
రేకు లేచిపోయిన చోట బ్లేడుతో గీకి,
దూరంగా మిగిలిన కాస్త రాగిని బయటపెట్టి,
ఊపిరి బిగబట్టి మాటు వేసినా.
మాటుకూ మాటకూ ఒక్క కొమ్మే తేడా
అనేవాడు సాయిబు,
తెలుగు రాయడం రాకపోయినా.

చెంచయ్య మిషను పెట్టుకొని
నా మొహం వైపు చూళ్ళేదు.
మెడ తిప్పి పెరడు వైపు చూసినాడు.
"నీళ్ళు దిగతా ఉండాయక్కా" అన్నాడు.

ఇందాక గొయ్యిలో పోసిన బిందె.
నాకు అప్పటిదాకా వినపళ్ళేదు.